వెనక్కి వాలిన సీటు

3వ తేదీ, సోమవారం

ఇవాళ మా ఆయన చక్రాల కుర్చీకి కళ్ళ మిషన్ బిగించారు. బిగించడానికి వచ్చినమ్మాయి పేరు నేను అడగలేదు. మెడలో కొలతల టేపు వేసుకుని వచ్చింది, కాబట్టి టేపు అమ్మాయి.

కుర్చీకి ఎడమ పక్కన ఒక ఇనుప చెయ్యి, దాని చివర ఒక తెర, తెర కింద వేలెడు వెడల్పున నల్ల పట్టీ. ఆ పట్టీ ఆయన కళ్ళని కనిపెడుతూ ఉంటుంది. తెర మీద పెద్ద పెద్ద గళ్ళు: వెనక్కి, ముందుకి, కాళ్ళు. 'వెనక్కి' గడిని చూస్తూ ఉంటే సీటు మొత్తం వెనక్కి వాలుతుంది, తెర కూడా దాంతోపాటే వాలుతుంది. చూపు తిప్పితే ఆగిపోతుంది. ఇన్నాళ్ళూ ఆ పని కుర్చీ వెనకున్న స్విచ్‌తో నేనే చేశాను. ఒకే తీరున కూర్చుంటే ఒళ్ళు పుండు పడుతుందని ఫోన్‌లో అలారం పెట్టుకుని, మోగినప్పుడల్లా పరిగెత్తేదాన్ని.

ముందు తెర మీద చుక్కలు వస్తాయి, వాటి వెంట చూడాలి. ఆయనకి మొదటిసారే కుదిరింది. "అంకుల్ కళ్ళు భలే చురుకు ఆంటీ" అంది. చురుకే. నా తలలో మొదటి తెల్ల వెంట్రుకని నాకన్నా ముందు చూసిన కళ్ళవి.

"అంకుల్ అవును, కాదు ఎలా చెప్తారు?" అని అడిగింది. పైకి చూస్తే అవును, కళ్ళు మూస్తే కాదు, పెద్ద మాటలైతే అక్షరాల చార్ట్ ఉంది అన్నాను. చార్ట్ మీద నేను వేలు జరుపుకుంటూ పోతాను, సరైన అక్షరం రాగానే ఆయన పైకి చూస్తారు. మొదటి అక్షరం దగ్గరే మాట పట్టేస్తానని కూడా చెప్పాను. చాలా టైము కలిసొస్తుంది.

నెల రోజులు చూడమంది. "వాలడం ఒక్కటే కాదు ఆంటీ, తనంతట తాను మళ్ళీ పైకి రాగలగాలి. అలా వాలిపోయి ఉండిపోతే నోట్లో ఊరింది గొంతుకి అడ్డం పడుతుంది. రాలేకపోతున్నారంటే మాత్రం నేను దీన్ని ఇక్కడ వదల్లేను. మా దగ్గర ఉన్నది ఒక్కటే, ఇంకా చాలామంది ఎదురుచూస్తున్నారు."

"నేను పక్కనే ఉంటాగా" అన్నాను.

"మీరు పక్కన లేనప్పటి కోసమే కదండీ ఇది."

సంతోషం వేయాలి. ఏమీ అనిపించలేదు. రేపు అనిపిస్తుందేమో.

4వ తేదీ, మంగళవారం

పొద్దున్నుంచి ఆయనే వాలుతున్నారు, ఆయనే లేస్తున్నారు. ఫోన్‌లో అలారం తీసేశాను.

6వ తేదీ, గురువారం

అలారం లేకపోతే రోజు గోడలా ఉంది. పక్కగదిలో హెడ్‌సెట్ పెట్టుకుని కంపెనీకి వచ్చే ఫిర్యాదుల ఫోన్లు తీసుకుంటూ కూర్చుంటే మధ్యలో లేవాల్సిన పనే లేదు. వాషింగ్ మెషిన్ తిరగడం లేదండీ. అర్థమైందండి, ముందు ప్లగ్ పెట్టారో లేదో చూడండి. చూశానమ్మా, నన్నేమనుకుంటున్నావు? ఒక్కసారి చూడండి సార్. కాసేపు చప్పుడు ఉండదు. తర్వాత ఫోన్ పెట్టేస్తారు. సగం మంది అంతే. వాళ్ళు ఇంకా చెప్తుండగానే నేను అర్థమైందండి అనేస్తాను. ఆఫీసులో అలాగే అనమన్నారు. ఆయన గదిలోంచి మోటారు చప్పుడు వస్తూనే ఉంది, వాలడం, లేవడం.

సాయంత్రం గుమ్మం దగ్గర స్టాండు తుడిచాను. ఆయన చెప్పులు ఇంకా అక్కడే ఉన్నాయి. మేం పోట్లాడుకుంటే, అంటే రోజూ, నా మాట పూర్తి కాకుండానే ఆయన చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుని వీధి చివరిదాకా వెళ్ళిపోయేవారు. కాసేపటికి తిరిగొచ్చి, గుమ్మంలోనే నిలబడి, లోపలికి తొంగి చూసి, "ఇంకేమైనా మిగిలిందా?" అనేవారు. మిగిలినదంతా అప్పుడు దులిపేదాన్ని. ఆ తర్వాత అన్నాలు తినేవాళ్ళం.

ఇప్పుడు మా మధ్య పోట్లాటలు లేవు. లేచి వెళ్ళలేని మనిషితో ఎవరైనా ఎలా పోట్లాడతారు? ఎంత అన్యోన్యంగా ఉంటారమ్మా అని ఎదురింటావిడ అంటుంది. అవునంటాను.

చెప్పులు మళ్ళీ స్టాండులోనే పెట్టాను. ఎందుకో తెలియదు.

9వ తేదీ, ఆదివారం

ఆయనతో లిఫ్టులు బాగుచేసిన జోడీదారు వచ్చాడు. ఇద్దరూ కలిసి ఈ ఊళ్ళో ఎక్కని మేడ లేదు. కూర్చున్నంతసేపూ పాత సంగతులే. "వదినగారూ, జనం లోపల ఇరుక్కున్నారని ఫోన్ రాగానే మేమందరం సామాను తీస్తుంటే అన్నయ్య మాత్రం తలుపుకి నోరు ఆనించి కబుర్లు మొదలెట్టేవాడు. ఏం కూర తిన్నారు, పిల్లలెంతమంది అని. ఇదేంటన్నయ్యా అంటే, తలుపు తర్వాత చూద్దాం, ముందు మాట లోపలికి పోవాలిరా అనేవాడు. తలుపు తెరిచేసరికి లోపలివాళ్ళు నవ్వుతూ బయటికొచ్చేవాళ్ళు."

ఆయన కళ్ళు మెరిశాయి. చాలా రోజులకి.

వెళ్ళేముందు అలమరలో ఉన్న సామాన్ల బ్యాగ్ కేసి చూశాడు. అన్నయ్య స్పానర్లలాంటివి ఇప్పుడు దొరకడం లేదు అన్నాడు. తీసుకెళ్ళండి, ఆయనకెందుకిప్పుడు అన్నాను. మొహమాటపడ్డాడు. తీసుకెళ్ళమని నేనే చేతికిచ్చాను. బరువుకి భుజం ఒక పక్కకి ఒరిగిపోయింది పాపం. ఆయన చార్ట్ కేసి చూశారు. పట్టుకున్నాను. మొదటి అక్షరం 'స'. "సరేనా? సరే అంటున్నారు" అని జోడీదారుకి చెప్పాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. మనుషులొస్తే అలసిపోతారు.

అతను వెళ్ళాక చూస్తే సీటు పూర్తిగా వెనక్కి వాలి ఉంది. తెర మీద 'కళ్ళు కనబడడం లేదు' అని ఎర్ర అక్షరాలు. ఎంతసేపైనా పైకి రాలేదు. నేనే వెనక స్విచ్ నొక్కి లేపాను.

అలమరలో మంచి చోటు వచ్చింది. దుప్పట్లు పెట్టుకోవచ్చు.

10వ తేదీ, సోమవారం

టేపు అమ్మాయికి ఫోన్ చేశాను. కిటికీలోంచి ఎండ నేరుగా మొహం మీద పడితే ఆ పట్టీకి కళ్ళు అందవట. అయితే ఎండే. నిన్న మధ్యాహ్నం మొహం మీద పడేంత ఎండ ఉన్నట్టే గుర్తు.

13వ తేదీ, గురువారం

ఆడపడుచు వీడియో కాల్ చేసింది. ఫోన్ ఆయన ఎదురుగా పట్టుకున్నాను.

"అన్నయ్యా, ఎలా ఉన్నావు?"

"బాగున్నారు" అన్నాను. "తింటున్నారు. నిద్ర పడుతోంది. దేనికీ బెంగ లేదు. కొత్త మిషన్ అలవాటైపోయింది."

"నీకు బోరు కొట్టడం లేదూ అన్నయ్యా?"

"ఏం బోరు? హాయిగా టీవీ చూస్తారు."

ఫోన్‌లోంచి ఆయన మొహం జారిపోయి వెనక గోడ కనబడింది. సీటు వాలిపోతోంది. "అయ్యో, అన్నయ్య ఎటు పోతున్నాడు వదినా?" అని ఆడపడుచు నవ్వింది. నేనూ నవ్వాను. మిషన్ మొరాయిస్తోంది, మళ్ళీ చేస్తానని పెట్టేశాను. ఇంకో గదిలోంచి మందపాటి దుప్పటి తెచ్చి కిటికీకి కట్టాను. అయినా తెర మీద ఎర్ర అక్షరాలే. స్విచ్ నొక్కి లేపాను.

14వ తేదీ, శుక్రవారం

నేను పని చేసుకున్నంతసేపూ మిషన్ దివ్యంగా నడిచింది. ఎన్నిసార్లు వాలారో, ఎన్నిసార్లు లేచారో, చప్పుడు నాకు వినబడుతూనే ఉంది. అన్నం పెట్టడానికి గదిలోకి వెళ్ళాను. ఆయనకి కారం వద్దులే అని నేనే అనుకుని పెరుగే కలిపేశాను. వాలిపోయింది.

నేను నిలబడితే నా నీడ పట్టీ మీద పడుతోందేమో.

16వ తేదీ, ఆదివారం

నీడ కాదు. పక్కకి కూర్చుని పెట్టాను. వాలిపోయింది.

18వ తేదీ, మంగళవారం

కళ్ళజోడు తుడిచే మెత్తటి గుడ్డతో పట్టీ తుడిచాను. ట్యూబులైటు తీసి చిన్న బల్బు పెట్టాను. ఇంట్లో ఇప్పుడు పట్టపగలే మసక. ఎదురింటావిడ పెరుగు తోడు కోసం వచ్చి, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగింది. మంచి ప్రశ్నే.

21వ తేదీ, శుక్రవారం

మంగలి ఇంటికొచ్చాడు. జుట్టు కత్తిరించాక, మీసం కూడా తీసేయండి, తినేటప్పుడు అన్నీ అందులోనే ఇరుక్కుంటున్నాయి అన్నాను. తుడవలేక చస్తున్నాను మరి. అతను సబ్బు నురగ చేసి బ్రష్ పట్టుకున్నాడు. అప్పుడే మోటారు మొదలైంది. సీటు మెల్లగా వాలుతూ వాలుతూ చివరిదాకా పోయింది. మంగలి బ్రష్ గాల్లో పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు, మిషన్ తిక్క. వెలుతురు పడదు దానికి."

"పోన్లెండి, పడుకోబెట్టినట్టే ఉంది. నాకిదే వీలు" అని వంగి నురగ పూసేశాడు. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నారు. నురగ కళ్ళల్లో పడుతుందని కాబోలు. రెండు గీతల్లో పని అయిపోయింది. మీసం లేకుండా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. పై పెదవి తెల్లగా, ఎవరిదో పెదవిలా ఉంది. మంగలి తువ్వాలు దులుపుతూ, "పదేళ్ళు తగ్గారు సార్" అన్నాడు.

ఏమీ అనిపించలేదు అని రాయబోయి ఆగాను. ఏదో అనిపించింది. అదేమిటో తెలియలేదు.

రోజంతా ఆయన సీటు వాలే ఉంది. నేను లేపడం, మళ్ళీ వాలిపోవడం. చివరికి విసుగొచ్చి ఆ రోజుకి మిషన్ ఆపేసి, పాత పద్ధతిలోనే స్విచ్‌తో పని కానిచ్చాను.

24వ తేదీ, సోమవారం

టేపు అమ్మాయికి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. ఆయన పైకి రాలేకపోతున్నారు, రోజూ ఇదే తంతు అన్నాను. గురువారం వస్తానంది. "అదే నిజమైతే తీసేయాలి ఆంటీ, ప్రమాదం కదా" అంది. గొంతు చిన్నబోయింది. నాకే నయం, మళ్ళీ అలారం పెట్టుకుంటాను. అలారం ఉన్నప్పుడే బాగుండేది.

26వ తేదీ, బుధవారం

రేపు తీసుకెళ్ళిపోతారని ఆయనకి చెప్పాను. మీకూ హాయి అన్నాను.

వాలిపోయింది.

27వ తేదీ, గురువారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

టేపు అమ్మాయి పొద్దున్నే వచ్చింది. కిటికీ దుప్పటి చూసింది, చిన్న బల్బు చూసింది. ఆయన మీసం లేని మొహం చూసి మాత్రం ఒక్క క్షణం ఆగింది. మిషన్ వేసి, చుక్కలు పెట్టి, వాలమంది. వాలారు. రమ్మంది. వచ్చారు. దుప్పటి తీసేసి ఎండలో కూడా చేయించింది. వెన్నలా నడిచింది.

"బాగానే ఉందే ఆంటీ!"

ఒళ్ళు మండింది. డాక్టరు దగ్గరికి వెళ్ళగానే జ్వరం తగ్గిపోయినట్టుంది. "మీ ముందు అలాగే చేస్తుంది. రోజూ నేను చూస్తున్నానుగా. ఆయనకీ ఇబ్బందిగానే ఉంది పాపం. పాత పద్ధతే మేలంటున్నారు. తీసుకెళ్ళిపోండి" అన్నాను.

"అంకుల్ అన్నారా?"

"అనక్కర్లేదు. ఆయన మనసులో మాట నాకు తెలుసు."

మోటారు కదిలింది. సీటు పోయి పోయి చివరికంటా వాలింది. ఎర్ర అక్షరాలు వచ్చాయి. నాకు దాదాపు సంతోషం వేసింది. "చూశారా! ఇదే! ఇలాగే చేస్తుంది!" అని అరిచాను.

ఆ అమ్మాయి తెర చూడలేదు. ఆయన మొహం మీదకి వంగింది. "ఆంటీ, ఇలా రండి" అంది. వెళ్ళాను.

"అంకుల్ కళ్ళు మూసుకుని ఉన్నారు."

"అలసిపోయుంటారు."

"మిషన్‌లో ఏ లోపమూ లేదు ఆంటీ. కళ్ళు మూసుకుంటే దానికి ఏం కనబడుతుంది?" అని, మెల్లగా, నా వైపు చూడకుండా, "మూస్తే కాదు అని మొదటిరోజు మీరే కదా చెప్పారు" అంది.

రోజంతా జనాన్ని ప్లగ్ పెట్టారా అని అడిగేదాన్ని నేను.

ఆ అమ్మాయి నన్నింకేమీ అడగలేదు. ఆయన చెవి దగ్గరే కూర్చుని, "అంకుల్, ఇది మీ దగ్గరే ఉండనివ్వనా?" అంది. ఆయన కళ్ళు తెరవలేదు. నోరు తెరవబోయాను. ఆమె చెయ్యి ఎత్తి ఆపింది. చాలాసేపటికి కళ్ళు తెరుచుకున్నాయి. పైకి చూశారు. తెల్లగుడ్డు తప్ప ఏమీ కనబడనంత పైకి. "అయితే లేవండి మరి, నాకింకా నాలుగిళ్ళు ఉన్నాయి" అంది. సీటు లేచింది. ఆమె టేపు మెడలో సర్దుకుని వెళ్ళిపోయింది. మిషన్ ఇక్కడే ఉంది.

సాయంత్రం దాకా ఆయన నా వైపు చూడలేదు. బ్యాగ్, ఫోన్, పెరుగన్నం, మీసం. ఒక్కొక్కటే గుర్తుకొస్తోంది.

28వ తేదీ, శుక్రవారం

సెలవు పెట్టాను. మధ్యాహ్నం అన్నం పొయ్యి మీద పెట్టి ఆయన ఎదురుగా నిలబడ్డాను. జాలిగా ఏదో చెప్పాలనుకున్నాను. కోపం వచ్చింది. ఎన్నాళ్ళకి వచ్చిందో.

"ఎంత పొగరండీ మీకు! నేను పిచ్చిదానిలా కిటికీలకి దుప్పట్లు కడుతుంటే, బల్బులు మారుస్తుంటే చూస్తూ కూర్చుంటారా? లోపల్లోపల నవ్వుకున్నారా? నాకు ఫోన్ల మీద ఫోన్లు, ఆ పిల్ల ముందు తలవంపులు! మీసం వద్దంటే వద్దని ఒక్క మాట చెప్పలేరా? చార్ట్ అడగొచ్చుగా! ఎప్పుడైనా అడిగారా?"

అడిగారు. బ్యాగ్ ఇచ్చేరోజున అడిగారు. 'స' దాకా చెప్పారు.

నేను ఆగిపోయాను. ఆయన 'వెనక్కి' గడిని చూశారు. మోటారు కదిలింది. నా కళ్ళముందే, చెప్పులు తొడుక్కున్నట్టే, వెళ్ళిపోయారు. చివరికంటా వాలి కళ్ళు మూసుకున్నారు.

నా చెయ్యి కుర్చీ వెనక స్విచ్ మీదకి దానంతటదే పోయింది. నెల రోజులుగా ఆయన కోపంగా బయటికి వెళ్ళిన ప్రతిసారీ నేను మెడ పట్టి లోపలికి లాక్కొచ్చాను. చెయ్యి తీసేశాను. పక్కన కూర్చుని గొంతు కేసి చూశాను. మింగుతున్నారు, బాగానే ఉంది. తలుపు తర్వాత, ముందు మాట. కానీ ఏం మాట్లాడాలి? ఆయనతో మాట్లాడి ఎంత కాలమైంది? ఆయన తరఫునే మాట్లాడుతూ వచ్చాను. మీరు లేచి వెళ్ళలేరు కాబట్టి నేను ఏమీ అనలేకపోయాను, అననివన్నీ పేరుకుపోయి నేను రాయినైపోయాను అన్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఇక ఏం చెప్పాలో తెలియక మొన్నొకాయన బూట్లు వాషింగ్ మెషిన్‌లో వేసి, చప్పుడొస్తోంది కొత్తది పంపమని పోట్లాడిన సంగతి చెప్పాను. బూట్లు కుడివో ఎడమవో చెప్పండి సార్ అని నేను అడిగిన సంగతి కూడా చెప్పాను. "బ్యాగ్ రేపు తెప్పిస్తాను. మీసం మాత్రం మీరే తెచ్చుకోవాలి, అది నా చేతిలో లేదు" అన్నాను.

వంటింట్లోంచి అన్నం మాడిన వాసన వస్తోంది. లేవలేదు.

మోటారు చప్పుడు వినబడింది.

ఆయన మెల్లగా లేచి వచ్చారు. నన్ను చూశారు. తర్వాత చార్ట్ కేసి చూశారు. పట్టుకున్నాను. మొదటి అక్షరం 'ఇ'. నా నోట్లో నాలుగైదు మాటలు తయారుగా ఉన్నాయి, పళ్ళ మధ్య నాలుక పెట్టుకున్నాను. తర్వాత సున్నా. తర్వాత 'కే'. అప్పటికే నాకు తెలిసిపోయింది. తెలిసినా వేలు జరుపుతూనే ఉన్నాను. చెయ్యి లాగేస్తోంది, వంటింట్లో గిన్నె నల్లబడుతోంది, ఒక్కో అక్షరానికీ ఆయన ఆగి, ఊపిరి తీసుకుని, పైకి చూస్తున్నారు. చివరి 'దా' వచ్చేదాకా నేను నోరు మెదపలేదు.

ఇంకేమైనా మిగిలిందా.

"మిగిలింది" అన్నాను. "చాలా మిగిలింది."

కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని మొదలుపెట్టాను.